తువ్వాలు వేసి ఆపుకున్న చోటు

(నార్త్ కెరొలైనాలోని కేరీలో, తెలుగువాళ్ళ ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. పోయిన నెల ఇదే మైకు ముందు నిలబడి ఒక పెద్దాయన పోతన భాగవతం మీద గంటన్నర మాట్లాడారు. గజేంద్రమోక్షం దగ్గరకొచ్చేసరికి సగం మంది కళ్ళు తుడుచుకున్నారు. ఈ నెల మీ కర్మకొద్దీ నేను దొరికాను. ఏం మాట్లాడతావయ్యా అని అడిగితే, ఆటగాళ్ళ గురించి అన్నాను. క్రికెట్టా అన్నారు. కాదన్నాను. ఒక్క క్షణం ఆగి, "సర్లే, ముప్పావుగంట దాటనివ్వకు" అన్నారు.

ఇండియా నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళు చాలామంది కనిపిస్తున్నారు కాబట్టి ముందు ఒక మాట. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేది కాదు. నేను 2004లో ఎమ్మెస్‌కి వచ్చిన కొత్తలో ఫోన్‌లో మా నాన్నగారికి "ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్ళాను" అని చెబితే ఆయన తెగ సంతోషపడ్డారు. ఆయనకి ఫుట్‌బాల్ అంటే హైదరాబాద్ కోచ్ రహీం సాబ్, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనవాళ్ళు సెమీఫైనల్ దాకా వెళ్ళడం. తర్వాత ఆయన ఇక్కడికొచ్చి టీవీలో ఈ ఆట చూసి, "ఇదేంట్రా, బంతిని చంకలో పెట్టుకుని పరిగెడుతున్నారు, పోలీసుల్ని పిలవరా?" అన్నారు.

అప్పుడు కబడ్డీతో చెప్పాను. మధ్యలో గీత. అటు పదకొండు మంది, ఇటు పదకొండు మంది. కూత కూడా ఉంది, బంతి అందుకునే ముందు క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరేవాడు, ఏదో అరుస్తాడు చూడండి, అదే. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోవాలి. పోతే మళ్ళీ నాలుగు ఇస్తారు, పోలేకపోతే బంతి అవతలివాళ్ళకి. మా నాన్నగారు వారం రోజుల్లో నాకన్నా బాగా తిట్టడం నేర్చుకున్నారు.

సరే, అసలు విషయానికి వస్తాను. నేను చదివింది ఇక్కడే, రాలీలో, ఎన్‌సీ స్టేట్ యూనివర్సిటీలో. ఈ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి మా బాధ తెలుసు. ఒకవైపు డ్యూక్, ఇంకోవైపు చాపెల్ హిల్‌లో నార్త్ కెరొలైనా. ఇద్దరూ దేశంలోనే పెద్ద పేరున్న బాస్కెట్‌బాల్ జట్లు. మధ్యలో మేం. ఇద్దరు కలెక్టర్ల ఇళ్ళ మధ్య గుమాస్తా ఇల్లున్నట్టు. 1983లో దేశమంతటికీ ఛాంపియన్లమయ్యాం. ఆ తర్వాత ఆ ఫోటో చూసుకుంటూ నలభై ఏళ్ళు బతికాం.

2024 మార్చి గురించి చెప్పాలి. రెగ్యులర్ సీజన్‌లో చివరి నాలుగు మ్యాచ్‌లూ ఓడిపోయాం. 17 గెలుపులు, 14 ఓటములు. కోచ్ ఉద్యోగం పోతుందని అందరూ అనుకుంటున్నారు. మా కాన్ఫరెన్స్, అంటే మేం ఆడే కాలేజీల కూటమి, దాని టోర్నమెంటు వాషింగ్టన్‌లో. మా స్థానం పదో నంబరు. ఆ స్థానంలో ఉన్నవాళ్ళు కప్పు కొట్టాలంటే ఐదు రోజుల్లో ఐదు మ్యాచ్‌లు గెలవాలి. మంగళవారం లూయీవిల్, బుధవారం సిరక్యూస్, గురువారం డ్యూక్. శుక్రవారం వర్జీనియా మీద ఐదు సెకన్లు మిగిలున్నాయి, మూడు పాయింట్లు వెనకబడ్డాం, ఫ్రీ త్రో, అంటే ఎవరూ అడ్డం రాకుండా బుట్టలోకి వేసే అవకాశం, వాళ్ళది. మొదటిది పడితేనే రెండోది ఇస్తారు. మొదటిదే తప్పాడు ఆ కుర్రాడు. బంతి మా మైకేల్ ఓకానెల్ చేతికొచ్చింది. మొత్తం కోర్టు పరిగెత్తి, దూరం నుంచి విసిరాడు. బోర్డుకి కొట్టుకుని లోపల పడింది. దూరం నుంచి కాబట్టి మూడు పాయింట్లు. స్కోరు సమం! ఓవర్‌టైమ్‌లో గెలిచాం. శనివారం నార్త్ కెరొలైనాని 84-76తో కొట్టాం. 1987 తర్వాత మాకు ఆ కప్పు రావడం అదే మొదటిసారి.

మా ఆవిడ ఇక్కడే ఉంది, అడగండి, ఆ వారం నేను ఆఫీసులో ఏం పని చేశానో నాకే తెలీదు.

ఆ జట్టులో ఒక మనిషి గురించే చెప్పాలని వచ్చాను. డీజే బర్న్స్. ఆరడుగుల తొమ్మిదంగుళాల ఎత్తు, 275 పౌండ్ల బరువు, అంటే దాదాపు 125 కిలోలు. ఎడమచేతి వాటం. బాస్కెట్‌బాల్ ఆటగాడంటే మీకు గుర్తొచ్చే మనిషి కాడు. ఎగరడు, వేగంగా పరిగెత్తడు. మన పెళ్ళిళ్ళలో వంటల దగ్గర గరిటె పట్టుకుని నిలబడే పెద్దాయన ఉంటాడే, అంత నింపాదిగా ఉంటాడు. పైగా నవ్వుతూ ఆడతాడు.

అతను ఆడే తీరు కళ్ళకి కట్టేటట్టు చెప్పడానికి ప్రయత్నిస్తాను. బుట్టకి వీపు పెట్టి నిలబడతాడు. వెనక ఒకడు కాపలా. బంతి అందుతుంది. ఒకసారి నేలకి కొడతాడు, నడుముతో వెనక్కి చిన్నగా ఒక నెట్టు. కాపలావాడు అర అడుగు జరుగుతాడు. ఇంకోసారి కొడతాడు, ఇంకో నెట్టు. ఇంకో అర అడుగు. వాడికి ఫౌల్ అడగడానికి ఉండదు, ఎందుకంటే అది నెట్టినట్టు ఉండదు, ఇరుకు గదిలో పెద్దమనిషి సర్దుకు కూర్చున్నట్టు ఉంటుంది. తర్వాత కుడివైపు తల ఊపి, ఎడమ పక్కకి తిరిగిపోతాడు. అంత మనిషీ బొంగరంలా తిరుగుతాడు. చివర్లో చెయ్యి పైకెత్తి బంతిని వదిలే పద్ధతి చూడాలి. విసరడు. పూజలో పువ్వు వేసినట్టు వేస్తాడు.

ఆ కప్పుతో దేశమంతటి టోర్నమెంటులోకి వెళ్ళాం. అందులో మార్చి 31న డల్లాస్‌లో మళ్ళీ డ్యూక్ ఎదురైతే 29 పాయింట్లు కొట్టాడు. విరామానికి వాళ్ళు ఆరు పాయింట్లు ముందున్నారు. విరామం తర్వాత ఒకడి తర్వాత ఒకడిని ఇతని మీదకి పంపారు, ఒక్కడూ నిలవలేదు. 76-64తో గెలిచి, 1983 తర్వాత మళ్ళీ ఫైనల్ ఫోర్‌కి, అంటే చివరి నాలుగు జట్లలోకి వెళ్ళాం. అక్కడ పర్డ్యూ మీద ఓడిపోయాం. వాళ్ళ జాక్ ఈడీ ఏడడుగుల నాలుగంగుళాలు. అతని ముందు మా బర్న్స్ 8 పాయింట్లే చేశాడు. ఇంకో మాట, అదే ఏడాది మా అమ్మాయిల జట్టు కూడా ఫైనల్ ఫోర్‌కి వెళ్ళింది. దాని గురించి మా అమ్మాయి వచ్చి మాట్లాడుతుంది, నన్ను మాట్లాడనివ్వదు.

అప్పుడే ఒక వార్త వచ్చింది. ఈ కుర్రాడి పాదాల కదలిక చూసి ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ జట్లు ఆరా తీస్తున్నాయని. కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడుకుంటున్న మనిషి కోసం! అతను నవ్వేసి వద్దన్నాడు. కానీ ఆ వార్త నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. అప్పటిదాకా రెండు ఆటలనీ రెండు మతాల్లాగా చూసేవాణ్ణి. శరదృతువులో ఒకటి, చలికాలంలో ఒకటి. అప్పుడర్థమైంది, నేను ఇరవై ఏళ్ళుగా రెండింట్లోనూ చూస్తున్నది ఒకే విద్య అని. చోటు పట్టడం.

మనలో ఆర్టీసీ బస్సెక్కనివాళ్ళు ఎవరూ ఉండరు. సంక్రాంతి ముందు రోజు బస్టాండులో బస్సు ఇంకా ఆగకముందే కిటికీలోంచి తువ్వాలు వేస్తాం. ఆ సీటు మనది. ఎక్కేటప్పుడు మెట్టు మీద నిలబడి, రెండు మోచేతులూ కాస్త వెడల్పు చేసి, వెనకవాళ్ళకి సందు లేకుండా వెళ్తాం. ఎవరినీ కొట్టం. తోశామని ఎవరూ అనలేరు. కానీ చోటు మనదవుతుంది. బాస్కెట్‌బాల్‌లో రీబౌండ్ అంటే అదే. బుట్టలో పడని బంతి ఎటు పడుతుందో ముందే పసిగట్టి, అవతలివాణ్ణి వీపు వెనక పెట్టుకుని, అక్కడ నిలబడి ఉండడం. ఎగరడం ఆఖరి పని.

ఇప్పుడు ఫుట్‌బాల్‌లో టైట్ ఎండ్ అని ఒకడుంటాడు. సగం పని అడ్డం నిలబడడం, సగం పని బంతి పట్టడం. వాడికి కావలసిందీ అదే విద్య. ఆంటోనియో గేట్స్ సంగతి వినండి. డెట్రాయిట్ కుర్రాడు. మిషిగన్ స్టేట్‌లో రెండు ఆటలూ ఆడతానన్నాడు, అక్కడి కోచ్ ఫుట్‌బాల్ ఒక్కటే అన్నాడు. అక్కడ్నించి వచ్చేసి చివరికి కెంట్ స్టేట్‌లో చేరి బాస్కెట్‌బాల్ ఆడాడు. 2002లో దేశమంతటి టోర్నమెంటులో పదో సీడ్‌గా వచ్చిన ఆ చిన్న జట్టు చివరి ఎనిమిది జట్ల దాకా వెళ్ళింది. కానీ ఎత్తు ఆరడుగుల నాలుగంగుళాలే. అతను ఆడే స్థానానికి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో అది చాలదు. కాలేజీలో ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్ కూడా ఆడని మనిషిని 2003లో శాన్ డియేగో చార్జర్స్ తీసుకున్నారు. కొత్త ఆటగాళ్ళని జట్లు వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోలేదు, ఊరికే వచ్చి చేరాడు. బంతితో అవతలివాళ్ళ చివరి గీత దాటడాన్ని టచ్‌డౌన్ అంటారు. అతను పట్టిన టచ్‌డౌన్లు 116. టైట్ ఎండ్‌లలో ఎవరూ అన్ని పట్టలేదు. 2025లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో కూర్చోబెట్టారు.

అందులో 89 సార్లు బంతి విసిరినవాడు ఎవరనుకున్నారు? ఫిలిప్ రివర్స్. మావాడు! ఎన్‌సీ స్టేట్! (చప్పట్లు) నేను వచ్చేసరికి అతను కాలేజీ ముగించి వెళ్ళిపోయాడు, అయినా క్యాంపస్‌లో ప్రతి రెండో చొక్కా మీద 17 నంబరే. అతను బంతి విసరడం చూస్తే ఏ కోచూ ఒప్పుకోడు. చెయ్యి పైనుంచి రాదు, భుజం పక్కనుంచి నెట్టినట్టు వస్తుంది. గేట్స్ తన కాపలావాణ్ణి వీపు వెనక పెట్టుకుని నిలబడతాడు, రీబౌండ్‌కి నిలబడ్డట్టే. ఆ వీపు అడ్డుగా ఉన్నంతవరకు కాపలావాడి చెయ్యి అందని వైపు ఒక సందు ఉంటుంది. రివర్స్ బంతి ఆ సందులోకి పోతుంది. చూస్తుంటే ఫుట్‌బాల్ అని మర్చిపోతాం.

ఇక ఇప్పుడు చెప్పబోయే పేరు చెప్పడానికి నాకు నోరు రావడం లేదు, ఎందుకంటే మా శత్రువుల కాలేజీ, నార్త్ కెరొలైనా వాడు. జూలియస్ పెపర్స్. ఇక్కడికి గంట దూరంలో బెయిలీ అనే చిన్న ఊళ్ళో పెరిగాడు. ఆరడుగుల ఏడంగుళాల మనిషి. ఫుట్‌బాల్ కోసం వచ్చి, బాస్కెట్‌బాల్ జట్టులోనూ చేరాడు. 2000లో ఫైనల్ ఫోర్‌కి వెళ్ళిన జట్టులో ఉన్నాడు. మరుసటి ఏడు పెన్ స్టేట్ చేతిలో వాళ్ళు ఓడిపోయి ఇంటికొచ్చిన మ్యాచ్‌లో ఇతను 21 పాయింట్లు, 10 రీబౌండ్లు చేశాడు. అంటే అసలు బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళు తేలిపోయిన రోజున ఫుట్‌బాల్ వాడు నిలబడ్డాడు. 2002లో రెండో నంబరుగా కెరొలైనా పాంథర్స్ తీసుకున్నారు. క్వార్టర్‌బ్యాక్‌ని బంతి విసరకముందే పడగొట్టడాన్ని శాక్ అంటారు. కెరీర్ మొత్తంలో 159.5 శాక్‌లు.

విద్యార్థిగా ఉన్నప్పుడు ఒక్కసారి షార్లట్ వెళ్ళి అతన్ని చూశాను. టికెట్ కొనడానికే డబ్బు సరిపోయింది, కాబట్టి ఆకాశానికి దగ్గరగా కూర్చున్నాం. అంత పైనుంచి మొహాలు కనబడవు, నంబర్లు కూడా సరిగా కనబడవు. ఒక్కటే కనబడుతుంది, ఎవరు ముందు కదిలారన్నది. ఆ రోజంతా నేను బంతిని చూడలేదు. అతని మొదటి అడుగే చూశాను. ఎదురుగా మూడొందల పౌండ్ల మనిషి ఇంకా వంగున్న నడుము ఎత్తకముందే ఇతను వాడి భుజం దాటిపోయి ఉండేవాడు. తిరిగొచ్చేటప్పుడు కారులో మా ఫ్రెండ్ "స్కోరెంత?" అంటే నాకు గుర్తులేదు.

దీనికి తలకిందులుగా జరిగిన కథ కూడా ఉంది. చార్లీ వార్డ్. 1993లో దేశంలో అత్యుత్తమ కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాడిగా హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు, ఫ్లోరిడా స్టేట్‌ని ఛాంపియన్ని చేశాడు. ఫుట్‌బాల్ డ్రాఫ్ట్‌లో ఒక్క జట్టూ పిలవలేదు. హాయిగా వెళ్ళి న్యూయార్క్ నిక్స్‌లో బాస్కెట్‌బాల్ ఆడుకున్నాడు.

ఇంతవరకు చెప్పింది అభిమానం. ఇప్పుడు చెప్పేది కొంచెం సిగ్గుపడి చెప్పాల్సింది.

కొన్నేళ్ళ కిందటి మాట. మా జట్టు మ్యాచ్, ఇంట్లో టీవీ ముందు కూర్చున్నాం. ఆఖర్లో మా కుర్రాడొకడు, పేరు చెప్పను, వరసగా రెండు ఫ్రీ త్రోలు తప్పాడు. ఓడిపోయాం. నేను లేచి నిలబడి ఆ కుర్రాణ్ణి తెలుగులో తిట్టాను. ఇంగ్లీషులో తిడితే పిల్లలకి అర్థమవుతుందని తెలుగులో తిట్టడం మనకి అలవాటు కదా. మా అబ్బాయి అప్పుడు మూడో క్లాసు. వాడికి తెలుగు రాదనుకున్నాను. "నాన్నా, ఆ అన్న ఏ క్లాసు?" అన్నాడు. ఫ్రెష్‌మన్ అన్నాను. అంటే? అంటే పోయిన ఏడు హైస్కూల్లో ఉన్నాడు. పద్ధెనిమిదేళ్ళు. మావాడు ఇంకేం అనలేదు. వాడు అనకపోవడమే నన్ను పట్టుకుంది.

మర్నాడు వాకిట్లో ఉన్న మా బుట్ట దగ్గర టేపుతో పదిహేనడుగులు కొలిచి సుద్దముక్కతో గీత గీశాను. ఫ్రీ త్రో గీత అంతే దూరం. పదిసార్లు వేశాను. ఎదురుగా ఎవరూ లేరు, అరిచేవాళ్ళు లేరు, టెన్షన్ లేదు. రెండు పడ్డాయి. మావాడు లెక్కపెట్టాడు, కాబట్టి మూడని చెప్పడానికి కూడా లేదు.

ఇది నా ఒక్కడి రోగమైతే ఇక్కడ చెప్పేవాణ్ణి కాదు. మన రాష్ట్రంలో ఫోన్‌లో పందేలు కాయడం చట్టబద్ధమైంది 2024 మార్చి 11న. సోమవారం. మంగళవారం మా టోర్నమెంటు మొదలు. ముహూర్తం ఎలా పెట్టారో చూడండి. అదే నెలలో నార్త్ కెరొలైనా ఆటగాడు అర్మాండో బేకాట్ ఒక మాట చెప్పాడు. తన జట్టు గెలిచిన మ్యాచ్ తర్వాత ఫోన్ తెరిస్తే వందకు పైగా తిట్ల మెసేజులు ఉన్నాయట. ఎందుకు? వాళ్ళు పందెం కాసినన్ని రీబౌండ్లు పట్టలేదని. జట్టు గెలిచింది, కుర్రాడు బాగానే ఆడాడు, అయినా తిట్లు. అతను మా శత్రు జట్టువాడు, ఏళ్ళ తరబడి మమ్మల్ని ఏడిపించాడు. అయినా ఆ రోజు అతని పక్షానే ఉన్నాను. నేను కూడా తిట్టినవాణ్ణే, కానీ నా తిట్టు టీవీ దాటి పోలేదు. ఇప్పుడు తిట్టు నేరుగా కుర్రాడి జేబులోకి పోతోంది.

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. నా వయసు అభిమానులు కలిస్తే ఒకటే గొణుగుడు. ఇప్పటి పిల్లలకి విధేయత లేదు, ఎక్కడ ఎక్కువిస్తే అక్కడికి పోతారు అని. 2021 జూలై నుంచి కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చు. అంతకు ముందు వాళ్ళ నంబరున్న జెర్సీ దుకాణంలో అమ్మేవాళ్ళు, డెబ్భై ఎనభై డాలర్లు పెట్టి నేనూ కొన్నాను. అందులో ఆ కుర్రాడికి ఒక్క సెంటు పోలేదు. అప్పుడు మనకి విధేయత గుర్తురాలేదు. మన సాఫ్ట్‌వేర్‌వాళ్ళం ఐదేళ్ళలో మూడు కంపెనీలు మారి, ఇరవయ్యేళ్ళ కుర్రాడు ఒక కాలేజీ మారితే తప్పుపట్టడం నాకు నచ్చదు. 2024 జట్టునే చూడండి. బర్న్స్ విన్‌త్రాప్ నుంచి వచ్చాడు, ఓకానెల్ స్టాన్‌ఫర్డ్ నుంచి, మొహమ్మద్ దియారా ఫ్రాన్స్‌లో పుట్టి మిజోరీ మీదుగా వచ్చాడు. ఆ మార్చి రంజాన్ నెల. దియారా రోజా ఉంటూనే ఆడాడు. నాకు మా ఖమ్మంలో నా క్లాస్‌మేట్ గుర్తొచ్చాడు, రోజా ఉంటూ మధ్యాహ్నం ఎండలో క్రికెట్‌లో బౌలింగ్ వేసేవాడు, నీళ్ళు తాగరా అంటే నవ్వేవాడు. అందరూ తలా ఒకచోటు నుంచి వచ్చినవాళ్ళే. ఈ హాల్లో మనమూ అంతే కదా.

ఆఖరుగా ఒక్క మనిషి గురించి చెప్పి దిగిపోతాను. ఇందాక 1983 ఫోటో అన్నాను. ఆల్బకర్కీలో ఏప్రిల్ 4. ఎదురుగా హ్యూస్టన్. వరసగా 26 గెలిచి వచ్చింది. అందులో ఒలాజువాన్, డ్రెక్స్‌లర్ ఉన్నారు, తర్వాత ఇద్దరూ ఎన్‌బీఏలో మహామహులయ్యారు. స్కోరు 52-52. సెకన్లు అయిపోతున్నాయి. మా డెరెక్ విటెన్‌బర్గ్ చాలా దూరం నుంచి విసిరాడు. బంతి బుట్ట దాకా వెళ్ళలేదు. రింగు కింద లొరెంజో చార్ల్స్ నిలబడి ఉన్నాడు. గాల్లో అందుకుని లోపల కొట్టేశాడు. 54-52. ఆట అయిపోయింది. కోచ్ జిమ్ వాల్వానో కోర్టు మీద అటూ ఇటూ పరిగెత్తాడు, ఎవరినైనా కౌగిలించుకుందామని. ఆయన ఎప్పుడూ విటెన్‌బర్గ్‌నే కౌగిలించుకునేవాడు, ఆ రోజు చూస్తే విటెన్‌బర్గ్ ఇంకెవరినో కౌగిలించుకుని ఉన్నాడు. ఆ పరుగు ఇప్పటికీ ప్రతి మార్చిలో టీవీలో వేస్తారు.

చార్ల్స్ ఎన్‌బీఏలో ఒక్క సీజన్ ఆడాడు. తర్వాత వేరే దేశాల్లో కొన్నేళ్ళు. ఆపైన రాలీ వచ్చి, అద్దె బస్సులు నడిపే డ్రైవరుగా స్థిరపడ్డాడు. 2011 జూన్ 27న, ప్రయాణికులెవరూ లేని బస్సు నడుపుతూ, ఐ-40 హైవే మీద ప్రమాదంలో పోయాడు. 47 ఏళ్ళు. వాల్వానో కూడా 47కే క్యాన్సర్‌తో పోయాడు, 1993లో. చార్ల్స్ పోయేనాటికి నాకు ఈ ఊళ్ళో ఏడేళ్ళు. రోజూ అదే రోడ్డు మీద ఆఫీసుకి వెళ్ళేవాణ్ణి. ఎన్నిసార్లు ఆయన బస్సు పక్కన ట్రాఫిక్‌లో ఆగి ఉంటానో, దారి ఇవ్వలేదని ఎన్నిసార్లు హారన్ కొట్టి ఉంటానో.

విటెన్‌బర్గ్‌ని ఆ బంతి గురించి ఎప్పుడడిగినా ఒకటే చెబుతాడు. అది గురి తప్పిన షాట్ కాదు, చార్ల్స్‌కి ఇచ్చిన పాస్ అని. నలభై ఏళ్ళుగా అదే మాట. నవ్వుతూనే చెబుతాడు. ఎవరూ నమ్మరు, నేను మాత్రం సగం నమ్ముతాను. ఎందుకంటే ఆ వీడియో నేను కొన్ని వందలసార్లు చూశాను. బంతి విటెన్‌బర్గ్ చెయ్యి వదలకముందే ఆపి చూడండి. చార్ల్స్ అప్పటికే అక్కడున్నాడు.

ఏమైనా అడగాలంటే అడగండి. పోతన మీద మాత్రం వద్దు.